మేనమామ పెట్టిన బట్ట

నేను ఉద్యోగపు జ్ఞాపకాలు రాస్తానంటే మా ఆయన నవ్వాడు. "నువ్వేమన్నా కలెక్టరమ్మవా? చీరలు మడతపెట్టినదానివి, ఏం రాస్తావు?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆదోనిలో ఒక బట్టల షాపులో పెళ్ళికాకముందు చేరాను. మోకాళ్ళు మొండికేసేదాకా అక్కడే నిలబడ్డాను. మడతపెట్టిన చీరలు విప్పడం, విప్పినవి మళ్ళీ మడతపెట్టడం, నా సర్వీసంతా ఇదే. ప్రమోషన్ అంటారా, చివరి రోజుల్లో కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు ఇచ్చారు.

అయినా రాయాలనే కూర్చున్నాను. ఇప్పుడు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు నన్ను బజారులో చూస్తే "అక్కా, బాగుండావా?" అని చేయి పట్టుకుంటారు. కాళ్ళ వాపులకు ఏం రాసుకోవాలో అడుగుతారు. నేను చెప్పే మందు ఇంతవరకూ ఎవరికీ పనిచేయలేదు కానీ అడగడం మాత్రం మానరు. ఇది వాళ్ళ కోసమే. కాళ్ళ నొప్పుల గురించి కాదు, మన కౌంటర్ల ముందు నుంచే నడిచిపోయే పిల్లల గురించి. ఇందులో ఎవరి పేరూ రాయను. ఆ పిల్ల ఇప్పుడు తన బతుకు తాను బతుకుతోంది. ఆమె పేరు నా కాగితం మీద ఉండాల్సిన పని లేదు.

మా ఇల్లు ఎమ్మిగనూరులో. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోని పోవడం, చీకటి పడేసరికి తిరిగి రావడం. షాపు కింది అంతస్తులో డ్రెస్సులు, పిల్లల బట్టలు. పై అంతస్తులో తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద చీరలు. మెట్లెక్కగానే పక్కన ఒక చిన్న గది, అందులో చీరలకు ఫాల్ వేసి, పీకో కుట్టే ఆమె. ఆమెను అందరం పీకో అక్క అనేవాళ్ళం. కుట్టుమిషన్ ఎంత చప్పుడు చేసేదో ఆమె నోరు అంతకు రెట్టింపు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ తాత. పైకెక్కే ముందు గిరాకీలు విడిచిన చెప్పులు కాపలా కాయడం ఆయన పని. గల్లా దగ్గర మా షావుకారు. మంచివాడే కానీ, గిరాకీ ఇంటి సంగతులు షాపులోకి రాకూడదని ఆయన పట్టుదల. "వాళ్ళ చీర వాళ్ళకియ్యండి. వాళ్ళ కత మనకేంటికి?" అనేవాడు.

బట్టల షాపులో బోణీ అంటే ఏమిటో మీకు తెలుసు. పొద్దున వచ్చిన మొదటి మనిషి చెయ్యి మంచిదైతే సాయంత్రం దాకా గల్లా గలగలలాడుతుందని నమ్మకం. ఆ పిల్ల మా షాపులో అందరికీ ముద్దు కావడానికి ఈ బోణీయే కారణం. మొదటిసారి ఒక పొద్దున వచ్చింది. సన్నగా, పొడుగు జడతో, చేతిలో కాలేజీ బ్యాగుతో. పక్కన ముప్పై దాటిన మనిషి, బైకు తాళం వేలికి తిప్పుతూ. ఖరీదైన డ్రెస్సు ఒకటి బేరం కూడా చేయకుండా కొన్నారు. ఆ రోజు గిరాకీ విరగబడింది. ఇంకోసారి వచ్చింది, అప్పుడూ అంతే. అంతటితో "బోణీ పాప వచ్చింది" అని కింది కౌంటర్ అమ్మాయిలు ఎదురుపోవడం మొదలుపెట్టారు. షావుకారు స్వయంగా బాదంపాలు తెప్పించేవాడు.

"ఈయన ఎవరు పాపా?" అని అడిగితే ఆ పిల్ల "మా మామ" అనేది. అంతే, ఇంక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఎందుకు వస్తుంది? మా వైపు మేనమామ అంటే ఆడపిల్లకు అమ్మానాయనల తర్వాత అంత మనిషి. పెద్దమనిషైనప్పుడు మొదటి చీర అతనిది. పండగకు బట్ట అతనిది. చాలా ఇళ్ళలో తాళి కూడా అతనే కడతాడు. కాబట్టి పెద్ద వయసు మగవాడు చిన్నపిల్లకు బట్ట కొనిస్తుంటే మేము ముక్కున వేలేసుకోలేదు, ముసిముసిగా నవ్వుకున్నాం. "మామ చెయ్యి పెద్దదే" అని ఆట పట్టించాం. ఇంకో ఊరివాళ్ళైతే ఏమైనా అనుకునేవారేమో. మాకు మాత్రం మా మర్యాదే కళ్ళకు గంతలు కట్టింది.

రెండోసారి వచ్చిన మామ వేరే మనిషి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మొదటి మామ కింద డ్రెస్సుల దగ్గరికి వచ్చాడు, రెండో మామ పైన లంగా ఓణీల దగ్గరికి. కింది వాళ్ళు పైన చూడరు, పైవాళ్ళు కింద చూడరు. ఇద్దరు కొన్నవీ కలిపి చూసే అవకాశం ఉన్నది నాకొక్కదానికే. ఎందుకంటే కొన్న బట్ట మార్చుకోవడానికి వచ్చేవాళ్ళను చూసే పని కూడా నాదే.

మామ కొనిచ్చిన డ్రెస్సును ఆ పిల్ల వారం తిరక్కుండా తెచ్చింది, ఒంటరిగా. ధర చీటీ కూడా తెంపలేదు. "అక్కా, ఇది మార్చి వేరేవి ఇస్తావా?" అంది. ఏం కావాలమ్మా అంటే ఇద్దరు తమ్ముళ్ళకు చొక్కాలు, నిక్కర్లు, అవ్వకు ఒక నూలు చీర. "రంగు పోనిది ఇయ్యి అక్కా, మా అవ్వ సౌడు నీళ్ళలో ఉతుకుతాది" అంది. అంత చిన్న పిల్ల అంత జాగ్రత్తగా ఎంచుకుంటుంటే నాకు ముచ్చటేసింది. తర్వాత లంగా ఓణీ కూడా అలాగే వచ్చింది. దానికి బదులు దుప్పట్లు పట్టుకుపోయింది.

ఆ సాయంత్రం దుప్పట్ల అర సర్దుతుంటే నాకు ఒక్కసారిగా తట్టింది. మేనమామ పెట్టిన బట్ట మా వైపు ఎవరూ వాపసు ఇవ్వరు. రంగు నచ్చకపోయినా, కొలత సరిపోకపోయినా, ఒక్కసారి ఒంటిమీద వేసుకుని పెట్టెలో దాచుకుంటారు. తిరిగి ఇస్తే పుట్టింటికి అచ్చిరాదని అమ్మలు ఒప్పుకోరు. నా సర్వీసులో ఎందరో ఎన్నో మార్చుకున్నారు, మొగుడు తెచ్చిన చీరలైతే లెక్కే లేదు. మామ బట్ట మార్చమన్న ఆడపిల్ల ఈమె ఒక్కతే. అంటే అది మామ బట్ట కాదు.

పీకో అక్కతో చెప్పాను. ఆమె మిషన్ ఆపింది. "అరె, నేనూ చూసినా కదా. ఒక మామ నల్లగా, ఒక మామ తెల్లగా. వీళ్ళమ్మకు ఎంతమంది తమ్ముళ్ళు అనుకున్నా" అంది. తర్వాత నవ్వు ఆపుకుని, "బచ్చీ అది, చిన్న పిల్ల. ఎవడో బట్టలు చూపించి తిప్పుతాండాడు" అంది. షావుకారుకు చెబితే ఆయన పాత పాటే పాడాడు. "రేపు ఎవరన్నా నిజం మామే వచ్చి షాపు ముందర గలాటా చేస్తే? వద్దులేమ్మా" అన్నాడు.

దేవుడు ఒక్కోసారి మనకు బస్సులో సీటు చూపిస్తాడు. ఇంకొన్నాళ్ళకు ఎమ్మిగనూరు బస్సులో ఆ పిల్ల పక్కన చోటు దొరికింది. నందవరం దగ్గర ఒక పల్లె వాళ్ళది. చదివేది ఎమ్మిగనూరులో, ఇంటర్ మొదటి సంవత్సరం. ఊరివాళ్ళ, కాలేజీవాళ్ళ కంట పడకుండా ఉండటానికే ఆదోని వస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. నేను బట్టల మాట ఎత్తలేదు. వేరుశనక్కాయలు కొని చెరి సగం చేసుకున్నాం.

"మీ అమ్మానాయన యాడుండారు?" అన్నాను.

"సుగ్గికి పోయినారు అక్కా. గుంటూరు పక్క, మిరపకాయలు తెంపేదానికి."

మా పడమటి ఊళ్ళలో పత్తి తీయడం అయిపోగానే ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని ఆ పనికి పోతారు. దాన్నే సుగ్గి అంటారు. చదివే పిల్లలను అవ్వల దగ్గర వదిలిపెడతారు. ఎండాకాలం నడి మధ్యకు గానీ తిరిగి రారు.

కాసేపటికి ఆ పిల్లే అంది. "నాకు తెలుసక్కా నువ్వు ఏమి అడగాలని ఉండావో. నేనేం తప్పు పని సేస్తాండాను? ఊరికే మాట్లాడతారు. హోటల్లో బిర్యానీ తినిపిస్తారు. పక్కన కూచోమంటారు, ఫోటో దిగుతారు. ఫోనుకు రీఛార్జి ఏయిస్తారు. మా కాలేజీలో వాళ్ళను రీఛార్జి మామలు అంటారు. నేనొక్కదాన్నే అనుకున్యావా?"

"ఎవరు చూపించినారు నీకు ఈ దావ?"

"మా సీనియర్ అక్క. ఆయక్కకు మంచి ఫోన్ ఉండాది." కొంచెం ఆగి, "నువ్వు షాపులో పొద్దన్నుంచీ నిలబడి నవ్వుతావు కదా, గిరాకీ కొనల్లని. నేనూ అంతే" అంది.

తిట్టాలనిపించింది, చెంప పగలగొట్టాలనిపించింది, ఒళ్ళో పడుకోబెట్టుకోవాలనీ అనిపించింది. ఈ మూడూ చేయకపోవడం నా అదృష్టం. తిట్టి ఉంటే ఆ పిల్ల ఇంక నా ముఖం చూసేది కాదు. చివరికి ఇంతే అన్నాను. "నీకు ఎప్పుడన్నా వద్దు అనిపిస్తే, భయమైతే, మా షాపుకు వచ్చేయి. ఆడ ఇంతమంది ఆడోళ్ళం ఉండాం. ఎందుకు, ఏమి అని అడగం." ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. విన్నదో లేదో కూడా తెలియలేదు.

ఆ రోజు గురించి చెప్పాలంటే ముందు మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. బేరం తెగక గిరాకీ లేచిపోతుంటే పైనుంచి కిందికి "మజ్జిగ పంపండి" అని కేక వేస్తాం. మజ్జిగ తాగడానికి కాదు. ఈ మనిషిని ఎట్లాగైనా కూచోబెట్టండి అని దాని అర్థం. ఆ కేక వినపడితే షాపులో ఎవరి పని వాళ్ళు మొదలుపెడతారు. ఒకరు కొత్త కట్ట విప్పుతారు, ఒకరు ఫ్యాను తిప్పుతారు, ఒకరు వాళ్ళ ఊరి సంగతులు ఎత్తుకుంటారు. గిరాకీకి లేవబుద్ధి కాదు.

షట్టరు ఎత్తి అగరుబత్తి వెలిగించామో లేదో, ఆ పిల్ల వచ్చింది. వెనక మూడో మామ. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఊళ్ళు తిరిగి పత్తి కొనే ఏజెంటని తర్వాత తెలిసింది. పరుపెక్కి దర్జాగా కూర్చుని, "మాయక్క కూతురు. బెంగళూరులో పెండ్లి ఉండాది, ఇప్పుడే పోవల్ల. పట్టుచీర తియ్యండి. కొంచెం పెద్దదాని మాదిరి కనపడల్ల. రెడీమేడ్ జాకెట్టు ఇయ్యండి, ఈడే కట్టుకుంటాది. కారు బయట ఉండాది" అన్నాడు.

ఆ పిల్ల చీరల వైపు చూడలేదు. పట్టుచీర పరిస్తే చేత్తో తాకి చూడని ఆడపిల్లను నేను ఎప్పుడూ చూడలేదు. అద్దం ముందు నిలబెట్టి భుజం మీద ఒక చీర వేశాను. ఆ చీర మాటున నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, నాకి పోవాలని లేదు" అంది, పెదవులు కదలకుండా. "రాత్రికి ఆడే ఉండల్ల అంటాండాడు. రాకుంటే ఫోన్లో మాట్లాడిందంతా, ఫోటోలు అన్నీ మా నాయనకు పంపిస్తాడంట. వేరే షాపుకు పోదామన్యాడు. నేనే ఈడికి తెచ్చినా."

బస్సులో నేను అన్నది విన్నది. విని, దాచుకుంది.

నేను గట్టిగా నవ్వేశాను. అద్దంలో ఆ మనిషి నన్నే చూస్తున్నాడు మరి. "ఈ రంగు పాపకు తేలిపోతాది సార్. జాకెట్టు కూడా వదులు. పీకో గదిలో కొంచెం పట్టించి తెస్తా, మీరు కూచోండి" అన్నాను. ఆ పిల్లను గదిలోకి తోసి, మెట్ల దగ్గర నిలబడి నా జన్మలో వేయనంత గట్టిగా కేక వేశాను. "మజ్జిగ పంపండి!"

పీకో అక్క ఆ పిల్ల ముఖం చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లోపలి నుంచి గడియ పెట్టేసి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. బట్ట లేకుండా, ఉత్త మిషన్. ఏదో కుడుతున్నట్టు బయటికి చప్పుడు రావాలి కదా.

నేను గల్లా దగ్గరికి దిగాను. షావుకారు బోణీ కోసం చూస్తున్నాడు. నాలుగు ముక్కల్లో చెప్పాను. వాళ్ళ కత మనకేంటికి అంటాడనే అనుకున్నాను. అంటే ఏం చేయాలో కూడా మనసులో అనుకున్నాను, ఆ పిల్లను వెనక దారిన తీసుకుని పోలీసు స్టేషనుకు నడవాలని. ఉద్యోగం అక్కడితో సరి. ఆయన కాసేపు దేవుడి పటం వైపు చూశాడు. "ఆ పాపకు ఎన్నేండ్లు?" అన్నాడు. "పదహారు సార్." ఫోన్ తీసుకుని పిల్లల హెల్ప్‌లైనుకు ఆయనే మాట్లాడాడు. తర్వాత పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు. ఆయన ఒళ్ళు బరువు, పండగ పూజకు తప్ప పైకి రాడు. ఆ రోజు రొప్పుతూ ఎక్కి ఆ మనిషి పక్కనే పరుపు మీద చతికిలబడ్డాడు.

"ఏ ఊరన్నా మనది?" అని మొదలుపెట్టాడు. మర్యాదగా, నింపాదిగా. ఆ మనిషి చెప్పాడు. "అక్కను యాడికిచ్చినారు?"

"నందవరం పక్క."

"ఓ, ఆ పక్క మనకు తెలియనోళ్ళు ల్యారు. బావ పేరేమి?"

ఆ మనిషి ఏదో పేరు చెప్పాడు. "ఏ ఇంటోళ్ళు? బావ వాళ్ళ నాయన పేరు?" ఆ మనిషి వాచీ చూసుకున్నాడు. షావుకారు ఇంకొంచెం జరిగి కూర్చున్నాడు. "పోనీ మీయక్క పేరు చెప్పన్నా."

సొంత అక్క పేరు చెప్పడానికి ఆ మనిషికి నోరు రాలేదు. గదిలో పిల్లకు ఆ మాట వినపడుతుందని, తప్పు పేరు చెబితే దొరికిపోతానని అనుకున్నాడో ఏమో. "ఇవన్నీ మీకేంటికి? చీర అమ్ముతారా, ల్యాదా?" అని గదమాయించాడు.

"ఎందుకమ్మం? మేనమామ చీరంటే అక్క పేరు చెప్పి, కుంకుమ పెట్టి ఇచ్చేది మా షాపు పద్ధతి" అన్నాడు షావుకారు. అలాంటి పద్ధతి మా షాపులో ఎప్పుడూ లేదు. అబద్ధం అంత అందంగా చెప్పగలడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ మనిషి లేచిపోయి గది తలుపు రెండుసార్లు బాదాడు. లోపల మిషన్ ఇంకా గట్టిగా మోగింది. అప్పుడు మెట్లు దిగాడు, బయటపడదామని. గుమ్మం దగ్గర బూట్లు లేవు. మజ్జిగ కేక వాచ్‌మన్ తాతకు కూడా వినపడింది మరి. గిరాకీని ఆపడంలో తన వంతు తాను చేశాడు. "ఎవరో ఏసుకొని పోయినట్లుండారు సార్. ఎతుకుతాండా, ఎతుకుతాండా" అని అరల కింద చీపురు పెట్టి వెతకసాగాడు. అంత ఖరీదైన బూట్లు వదిలిపోవడానికి ఆ మనిషికి మనసు రాలేదు. ఒక ఆడపిల్ల బతుకు పోతే పోనీ అనుకున్నవాడు బూట్ల కోసం ఆగాడు. ఆ ఆగడంలోనే ఇద్దరు మనుషులు మామూలు బట్టల్లో లోపలికి వచ్చారు. ఒకామె పోలీసు, ఒకామె పిల్లల రక్షణ ఆఫీసు నుంచి. గలాటా లేదు, గుంపు లేదు. ఆ మనిషిని, అతని ఫోన్‌ను తీసుకుని పోలీసు ఆమె వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా మాకు బోణీ కాలేదు. షావుకారు దాని గురించి ఒక్క మాట అనలేదు.

మీలో చాలామంది కథ ఇక్కడ అయిపోయింది అనుకుంటారు. అసలు భయం అప్పుడే మొదలైంది. పీకో అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఆ పిల్ల ఏడుస్తూ ఒకటే మాట అంది. "మా నాయనకు తెలిస్తే సదువు మాన్పిస్తాడు. పెండ్లి చేసి పంపించేస్తాడు." అది ఉత్త భయం కాదని మాకు తెలుసు. ఇలాంటివి బయటపడ్డప్పుడు మగవాళ్ళకు కోర్టులో వాయిదాలు పడతాయి, ఆడపిల్లలకు ముహూర్తాలు పడతాయి. అట్లా పంపించేసిన పిల్లలకు పెళ్ళి చీరలు చూపించిన చేతులు నావి.

అమ్మానాయనలు మర్నాడు గుంటూరు నుంచి వచ్చారు. పిల్లల రక్షణ ఆఫీసులో ఆ పిల్ల నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఉండమన్నారు. నాయన బక్కపలచని మనిషి. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆఫీసు ఆమె అంతా చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆ చేతులు చూశాక నాకు అర్థమైంది. మిరపకాయలు తెంపి తెంపి వేళ్ళు ఎర్రగా కాలినట్టు ఉన్నాయి. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు ఆయనకు. భుజంతో ఒత్తుకున్నాడు.

"ఏంటికి సేసినావమ్మా?" అన్నాడు. కొడతాడనుకున్న మనిషి అమ్మా అన్నాడు.

ఆ పిల్ల తల ఎత్తలేదు. "తమ్ముళ్ళకు బట్టల్లేవు నాయనా" అంది ముందు. తర్వాత, "అదొగటే కాదు. ఏమి కావల్ల నీకు అని నన్ను ఎవురూ అడగల్యా. వాళ్ళు అడిగినారు" అంది.

తల్లి ఏడుపు మధ్యలోనే తేల్చేసింది. "ఇంగ సదువు వద్దు. ఊర్లో తెలిసేలోగా మా తమ్మునికిచ్చి చేసేస్తాం. వాడు కాదనడు."

ఆ తమ్ముడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల అసలైన మేనమామ. పాతికేళ్ళు ఉంటాయేమో. ఆదోని మార్కెట్లో పత్తి బోరాలు మోసే హమాలీ. తల నిండా పత్తి దూది, పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. ఆఫీసు ఆమె, ఈ వయసులో పెళ్ళి నేరమని చెప్పడానికి నోరు తెరిచింది. అతను ముందే మాట్లాడాడు.

"అక్కా, నన్ను అడిగినావా నువ్వు?" అన్నాడు. కోపంగా కాదు. "నేను దానికి మామను. వాళ్ళంతా నా పేరు చెప్పుకోనే కదా దాన్ని తిప్పినారు. ఇప్పుడు నేనూ సదువు మాన్పిస్తే నాకూ వాళ్ళకూ ఏమి తేడా?"

"మరి ఏం చేద్దామంటావురా?" అన్నాడు నాయన.

"నువ్వు ఈడ ఉండక్కా. పిల్లల దగ్గర. సుగ్గికి నీ బదులు నేను పోతా బావతో. ఆ మొక్కలు నేనేమన్నా చూడనివా?" అని, మేనకోడలి వైపు తిరిగి, "ఏమి కావల్ల నీకు? నన్నడుగు. ఇయ్యలేకపోతే ల్యాదంటా. కానీ నన్నే అడుగు" అన్నాడు.

అప్పటిదాకా బిగుసుకుపోయి కూర్చున్న పిల్ల బావురుమంది. నాయన చాలాసేపు తన చేతుల వైపు చూసుకుని, "సదువుకోనీలే" అన్నాడు. నా సర్వీసులో ఎన్ని వేల బట్టలు చూశానో నాకే తెలియదు. మేనమామ ఏమీ పెట్టకుండానే మేనకోడలిని అంత నిండుగా కప్పిన రోజు అదొక్కటే చూశాను.

తర్వాతవి క్లుప్తంగా చెబుతాను. కేసు నడిచింది. ఆ పిల్ల జడ్జి ముందు తలెత్తుకుని చెప్పింది. ఏజెంటు తరఫున మార్కెట్ పెద్దలు వచ్చి షావుకారును రాజీకి అడిగారు. కొందరు మా షాపుకు రావడం మానేశారు. "పోతే పోనీ, వాళ్ళకు ఉద్దెర ఇచ్చేది తప్పింది" అన్నాడాయన. తర్వాత నుంచి షాపులో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ చీర మడతతో పాటు ఈ సంగతీ చెప్పాం. చిన్నపిల్ల పెద్ద మగవాడితో వస్తే నవ్వుతూనే పలకరించండి, ఆ పిల్లను కాసేపు విడిగా నిలబెట్టండి, అద్దం దగ్గరైనా సరే. నిలదీయొద్దు, నలుగురిలో అడగొద్దు. నీతులు అసలే వద్దు. మళ్ళీ రావచ్చు అనే ఒక్క మాట ఆ పిల్ల చెవిన వేయండి. వాళ్ళను తిప్పేవాళ్ళు చేసేదల్లా ఏమి కావాలని అడగడం. అది మనం ముందే అడిగితే చాలావరకు సరిపోతుంది. ఫోన్లదే తప్పంటూ తీర్పు చెప్పేవాళ్ళు బజారులో ఎప్పుడూ ఉంటారు, ఆ పని వాళ్ళకు వదిలేయండి.

నాకు ఆ షాపు జీతం కన్నా ఎక్కువే ఇచ్చింది. ఉత్త మిషన్ తొక్కిన పీకో అక్క, బూట్లు దాచిన తాత, మెట్లెక్కిన షావుకారు, వీళ్ళ మధ్య బతికాను. ఏ గుడికి పోయినా ముందు వీళ్ళ పేర్లే తలుచుకుంటాను.

నేను మానేసే ముందు ఏడాది, ఒక పండగ సీజన్లో నలుగురైదుగురు అమ్మాయిలు కిలకిలా నవ్వుకుంటూ పైకి వచ్చారు. కర్నూలులో నర్సింగు చదువుతున్నారని మాటల్లో తెలిసింది. వాళ్ళల్లో ఒకతె ఆ పిల్ల. జడ కత్తిరించుకుంది, కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసింది. ఒక్క క్షణం చూపు నిలిచింది. పక్కనున్న స్నేహితురాలు, "ఏమే, ఈ షాపుకు ముందు వచ్చినావా?" అంది. "ల్యా, ఇదే మొదటిసారి" అంది ఆ పిల్ల, నా ముఖంలోకి చూస్తూనే.

నా కడుపు నిండిపోయింది. ఆమె ఆ మాట అంత తేలిగ్గా అనగలగడం కోసమే కదా మేమందరం ఆ రోజు అంత తిప్పలు పడింది. స్టూలు మీద నుంచి లేచి, దుప్పటి మీద ముడతలు సరిచేసి, "రండమ్మా, కూచోండి. ఏమి కావల్ల మీకు?" అన్నాను.

ఆమె పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "అన్నీ చూపించండక్కా. నాకు తొందర ల్యా" అంది. మొదటి చీర విప్పగానే చెయ్యి చాపి తాకి చూసింది.